అసలు, నకలు, పాటఋణము

పరులు కట్టిన పాటను, పరులు పాడిన తీరుననే పాడి మెప్పు పొందుట ధర్మమా, కాదా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని కొంచెము నిలిచి ఆలోచించినచో విద్య అనగానేమి, సొత్తు అనగానేమి, గతించిన పెద్దలయెడ మనకు గల ఋణమెట్టిది అను పెద్ద ప్రశ్నలు దీని వెనుక నిలిచియున్నట్లు తెలియును. మేము పండితులము కాము. సంగీతజ్ఞులము అసలే కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, గుమాస్తాగా చేరి, ముప్పదియారేండ్లు కచేరి కాగితముల నడుమ గడిపి విశ్రాంతి పొందినవారము. అందులో మొదటి పదునైదేండ్లు చేతితో నకళ్లు వ్రాయుటయే మా ముఖ్యమైన పని. కావున ‘నకలు’ అను మాటను ఎవరైనను తూలనాడినప్పుడు మాకు కొంత నొప్పి కలుగుట సహజము. ఆ నొప్పియే ఈ వ్యాసమునకు కారణము.

మా పూండి పేరు చెన్నపట్టణపు వారికి త్రాగునీటి వలన తెలియును. కొసస్థల నదికి అడ్డముగా 1944లో కట్టిన ఈ జలాశయమునకు, అందుకై పాటుపడిన నగరాధ్యక్షుడు సత్యమూర్తిగారి పేరు పెట్టిరి. 1996 మొదలు కండలేరు నుండి కాలువ వెంట కృష్ణాజలము కూడ ఇచ్చటికి వచ్చుచున్నది. ఈ ప్రాంతమున తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. తిరుత్తణి మొదలగు చోట్లు 1960 ఏప్రిల్ 1వ తేది వఱకు ఆంధ్రప్రదేశమున చిత్తూరు జిల్లాలోనే యుండెను. సరిహద్దు గీత మారినది. మా యిండ్లలో మాట మారలేదు. అయినను మాట నిలుచుట వేఱు, అక్షరము నిలుచుట వేఱు. ఆ సంగతి కడపట చెప్పెదము.

మా వైపు తిరునాళ్లలోను, ఉగాది సభలలోను, పెండ్లిండ్లలోను పాటకచేరీ లేని రాత్రి యుండదు. రెండు కీబోర్డులు, ఒక గిటారు, తబలా, డోలక్కు, ఇద్దరు ముగ్గురు గాయకులు — ఇదియే దళము. మొదట వినాయకుని పాట. ఆపైన ఘంటసాలవారి పాటలు, చిత్తూరు జిల్లావారైన ఏ.ఎం. రాజాగారి పాటలు, జిక్కిగారి పాటలు. నడిరాత్రి దాటునప్పటికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి పాటలు. తెలుగు పాట ముగియగానే తమిళపు పాట, తమిళము ముగియగానే తెలుగు. ఎదుట కూర్చున్నవారిలో ఎవరికిని ఏ పాటయు పరాయిది కాదు. గాయకుడు రికార్డులోని పలుకుబడిని, విరుపును, నవ్వును కూడ విడువక దింపుటకు ప్రయత్నించును. సరిగా దిగినచో సభ ఈల వేయును; తప్పినచో వెనుకవరుస ముసలివారే ముందుగా తల అడ్డముగా త్రిప్పుదురు.

బాలసుబ్రహ్మణ్యముగారిని మా జిల్లావారు తమ యింటివానిగా తలంతురు. ఆయన 1946 జూన్ 4న జన్మించిన కోనేటంపేట నేటి తిరువళ్లూరు జిల్లాలోనిదే. 2020 సెప్టెంబరు 25న ఆయన చెన్నైలో కన్నుమూయగా, మఱునాడు తామరైపాక్కములోని ఆయన తోటలో ఖననము చేసిరి. పూండి కట్టను దాటిన కొసస్థల నీరు పోవునది ఆ తామరైపాక్కపు ఆనకట్టకే. అందువలన మా దళములు ఆయన పాటను పాడునప్పుడు అది కేవలము వినోదముగా నుండదు. పొరుగింటి పెద్ద తద్దినమువలె నుండును.

ఇట్టి కచేరీలపై పెద్దలు కొందఱు మూడు ఆక్షేపణలు చేయుచున్నారు. మొదటిది: ఇది పరుల సొత్తు. ఒకరు వ్రాసి, ఒకరు స్వరపఱచి, ఒకరు పాడిన దానిని వేఱొకడు వేదికపై పాడి డబ్బు పుచ్చుకొనుట దొంగతనమే. రెండవది: ఇందు సృష్టి లేదు; చిలుకపలుకు మాత్రమే. మూడవది: ఇట్లు గతించినవారినే తలచుచుండుట వలన క్రొత్తవారికి తావు లేకుండును. ఈ మూడును త్రోసివేయదగినవి కావు. ఒక్కొక్కదానిని ఉన్నంతలో పరిశీలింతము.

రెండవ ఆక్షేపణను ముందు తీసికొందము. ఏలయన విద్య యంతయు దానిపైననే నిలిచియున్నది. పూండిలో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల కలదు. చేరువలోని అత్తిరంబాక్కమున 1863లో రాబర్టు బ్రూసు ఫుట్ మొదలగువారు ఆదిమానవుల రాతి పనిముట్లను కనుగొనిరి. అక్కడి ప్రాచీనమైన చేతిగొడ్డళ్లు పదునైదు లక్షల యేండ్లనాటివని 2011లో పరిశోధకులు ప్రకటించిరి. ఆ రాళ్లను చూచినప్పుడెల్ల మాకొకటి తోచుచుండును. ఒక్కొక్క గొడ్డలియు దానికి ముందటి గొడ్డలికి నకలు. తండ్రి చెక్కిన తీరును కొడుకు చూచి చెక్కెను. వాని తీరును వాని కొడుకు చూచెను. చూచి చేయుట నీచమైనచో మనుష్యజాతికి గొడ్డలియే లేకపోయెడిది.

సంగీతమున మాత్రము వేఱుమార్గమున్నదా? త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిరి. ఆయన కృతులు మనకు దక్కినవన్న, వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అను మూడు శిష్యపరంపరలు వానిని నోట నిలుపుకొని, తాళపత్రములపైనను కాగితములపైనను ఎక్కించుటచేతనే. ఒకే కృతి మూడు పాఠములలో మూడు విధములుగా నుండుట కలదు. అందుచేత ఏ పాఠమును దొంగపాఠమని ఎవరును అనరు. ‘మేము ఫలానా పరంపరవారము’ అని పాడువారే చెప్పుకొనుచుండిరి. ఏటేట పుష్యబహుళ పంచమినాడు తిరువయ్యారున పంచరత్నకృతులను వందలమంది ఒక్క గొంతుగా పాడుదురు. ఆ ఐదింటిలో నాలుగు తెలుగు. పాడువారిలో ఎక్కువమంది ఇంట తమిళము మాటలాడువారు. వారు చేయునది నకలే. ఆ నకలు ముందు మనము చేతులు జోడించుచున్నాము.

సినిమాపాటకు ఈ గౌరవము తగదని కొందఱందురు. కాని ఆ పాట పాడినవారి చరిత్ర చూడుడు. 1922లో చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరమున సంగీతము నేర్చుకొను దినములలో మధూకరమెత్తి కడుపు నింపుకొనిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకు విద్య నిచ్చిరి. ఆ పాఠములలో శిష్యుడు చేసినది గురువు నోటికి నకలే గదా! బాలసుబ్రహ్మణ్యముగారును సినిమాకు రాకముందును, వచ్చిన క్రొత్తలోను వేదికపై ఇతరుల పాటలు పాడినవారే. ఆయన నడపిన దళమున ఇళయరాజాగారు గిటారును, పిదప హార్మోనియమును వాయించిరి. గంగై అమరన్, భాస్కర్ గార్లును అందున్నవారే. 1966లో తనకు మొదటి సినిమాపాట నిచ్చిన కోదండపాణిగారి పేరును ఆయన తన రికార్డింగు థియేటరునకు పెట్టుకొనిరి. మన కాలపు పెద్ద స్వరకర్తయు, పెద్ద గాయకుడును ఒకప్పుడు ఒకే వేదికపై పరుల పాటల దళముగా నుండుట మఱువరాని సంగతి.

పడమటి దేశములలో దీనినే పెద్ద వృత్తిగా చేసికొనిరి. బీటిల్స్ వేషముతో, వారి పాటలనే పాడు ‘బూట్‌లెగ్ బీటిల్స్’ అను బ్రిటిషు దళము 1980 నుండి యున్నది. అమెరికాలో ‘స్టీలీ డాన్’ అను జాజ్–రాక్ బృందమువారు 1974లో ఊరూర కచేరీలు చేయుట మాని స్టూడియోలోనే రికార్డులు చేయసాగిరి; మరల కచేరీయాత్రకు వెడలినది 1993లోనే. కావున వారి మేలైన పాటలు పెక్కింటిని, అవి క్రొత్తగా వెలువడిన దినములలో, వేదికపై విన్నవారు లేరు. నేడు ఆ పాటలను స్వరము తప్పకుండ వేదికపై వాయించు దళములు కలవని మా మనుమడు ఫోనులో చూపెను. మాకు ఆ సంగీతము పూర్తిగా తలకెక్కలేదు. కాని ఒక సంగతి తెలిసినది. మన సినిమాపాటయు అట్టిదే. అది స్టూడియోలో, మూసిన తలుపుల వెనుక, పెద్ద వాద్యబృందముతో పుట్టినది. దానిని పల్లెలో బహిరంగముగా, ఐదాఱుగురితో, కరెంటు పోవునేమో అను భయముతో పాడుట అసలు పాడినవారు కూడ ఎఱుగని కష్టము. ఇరువది వయొలిన్ల పని ఒక కీబోర్డుచేత చేయించుటకు ఎంత వినికిడి, ఎంత సాధన కావలెను! దీనిని చిలుకపలుకు అనుట న్యాయము కాదు.

ఇక మొదటి ఆక్షేపణ. పాట ఎవరి సొత్తు? 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికా యాత్రలో నుండగా, తన పాటలను అనుమతి లేక పాడరాదని ఇళయరాజాగారి పక్షమున నోటీసు అందెను. ఇట్టి అనుమతి కావలెనని తమకు తెలియదనియు, చట్టమైనచో తలవంతుమనియు చెప్పి, ఆయన ఆ యాత్రలో ఆ పాటలను మానివేసిరి. అప్పుడు మా యూరి టీకొట్టు దగ్గఱ కూడ రెండు పక్షములు లేచినవి. ‘పాడినవాడు లేక పాట ఎక్కడిది?’ అని ఒకరు. ‘కట్టినవాడు లేక పాడువానికి ఏమున్నది?’ అని యొకరు. వ్రాసినవాని పేరు మాత్రము ఏ పక్షమువారును ఎత్తలేదు. 2019లో ఆ యిద్దఱు మిత్రులును మరల ఒకే వేదిక నెక్కిరి. అది అందఱికిని ఊరట.

చట్టము ఏమి చెప్పుచున్నదో గుమాస్తాలమైనందున మేము చూచితిమి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కవికిని స్వరకర్తకును గల హక్కు వారి మరణానంతరము 60 ఏండ్లు నిలుచును. 1994 సవరణ గాయకునికిని తన పాటపై హక్కు కల్పించెను. 2012 సవరణ కవికి, స్వరకర్తకు రావలసిన వాటాను వారినుండి సులభముగా వ్రాయించుకొనకుండ కాపాడెను. టిక్కెట్టు లేని సభలో ఔత్సాహిక సంఘము పాడుటకును, దేవాలయాదుల సహాయార్థము అట్టి సంఘము పాడుటకును మినహాయింపు కలదు. డబ్బు పుచ్చుకొని పాడు దళము ఈ మినహాయింపు చాటున దాగరాదు. ఇది చట్టము. కాని చట్టము తీరిన చోట ధర్మము తీరదు. అరువదియేండ్లు గడచినవని ఋణము గడచునా? పుట్టినవానికి మూడు ఋణములున్నవని వేదము చెప్పును: దేవఋణము యజ్ఞము వలన, పితృఋణము సంతానము వలన, ఋషిఋణము అధ్యయనము వలన తీరును. ఋషి చూచిన మంత్రమును మరల మరల వల్లించుటయే ఋషికి చెల్లింపు. పాట విషయమునను ఇట్లే అని మా నమ్మకము. పాడకుండుట వలన పాటఋణము తీరదు. ఎవరిదో చెప్పి పాడుట వలననే తీరును.

ఇక్కడ మా వృత్తిలోని తప్పు ఒకటి చెప్పుకొనవలెను. చేరిన క్రొత్తలో ఒక క్రయపత్రమునకు నకలు వ్రాయుచు, హద్దుల వివరమున ఒక పంక్తిని విడిచితిమి. రెండు పంక్తులును ఒకే మాటతో మొదలగుటచేత కన్ను జారినది. సరిచూడవలసిన సహోద్యోగి చదువకయే చేవ్రాలు చేసెను. ఆ నకలు పట్టుకొని పోయిన రైతునకు అప్పు పుట్టలేదు. అతడు మూడుసార్లు బస్సెక్కి వచ్చెను. మూడవసారి కాగితమును బల్లపై పెట్టి, ‘నా తూర్పుగట్టు ఏమైపాయ సామీ?’ అని యడిగెను. మేము తల ఎత్తలేకపోయితిమి. ఆ కాగితము అడుగున ‘వ్రాసినవారు’ అను చోట మా పేరు ఉండెను. ఆ పేరు ఉండుటచేతనే తప్పు మాదని తెలిసినది, తెలియుటచేతనే సవరించితిమి. నకలునకు గౌరవము మూడింటి వలన వచ్చును: ఇది నకలని దానిపై ఉండవలెను, అసలు ఏదో చెప్పవలెను, వ్రాసినవాడును సరిచూచినవాడును తమ పేళ్లు పెట్టవలెను. ఈ మూడును ఉన్న నకలును న్యాయస్థానము కూడ చేతబట్టును. ఈ మూడును లేనిది ఎంత అందముగా నున్నను కూటపత్రమే.

పాటకును కాగితమునకును భేదము లేకపోలేదు. కాగితపు నకలున నకలు వ్రాయువాని ఊపిరి ఉండరాదు. పాటలో ఉండక తప్పదు. ఎంత అచ్చుగా పాడినను మా దళపు గాయకుని గొంతు మా దళపు గాయకునిదే. అందుచేత పాటయొక్క నకలులో పాడినవాని చేవ్రాలు తనంతట తానే పడుచున్నది. మిగిలిన రెండు మాత్రము అతడు నోట చెప్పవలెను. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ కార్యక్రమమున బాలసుబ్రహ్మణ్యముగారు పిల్లలచేత పాటకు ముందు కవి పేరును, స్వరకర్త పేరును చెప్పించుచుండిరి. అది మర్యాద మాత్రమే అని మేము చాలకాలము తలంచితిమి. అది ఋణపత్రమును చదివి వినిపించుట అని ఇప్పుడు తోచుచున్నది.

ఈ విచారము ఇంతటితో ముగిసెడిదే, యంత్రము రాకుండినచో. 2023లో విడుదలయైన ‘కీడా కోలా’ అను తెలుగు చిత్రమున బాలసుబ్రహ్మణ్యముగారి కంఠమును యంత్రమేధచేత కల్పించి వాడిరని, తమ అనుమతి లేదని, ఆయన కుటుంబమువారు నోటీసు పంపిన వార్త 2024లో వచ్చెను. ఆ యేడే ‘లాల్ సలామ్’ అను తమిళ చిత్రమునకు ఏ.ఆర్. రహమాన్‌గారు గతించిన ఇద్దరు గాయకుల కంఠములను అట్లే వాడి, వారి కుటుంబముల అనుమతి పొందితిమనియు, తగిన పారితోషికము పంపితిమనియు ప్రకటించిరి. మొదటిది తప్పు, రెండవది ఒప్పు అని త్రోసివేసి కూర్చుందమన్న మనస్సు ఒప్పుకొనలేదు. ఏలయన ఆ ప్రశ్న మా యింటికే వచ్చెను.

మా సంఘము ఉగాది సభకు ఏర్పాట్లు చేయు కూటమిలో ఒక యువకుడు ఫోను తీసి ఒక పాట వినిపించెను. మా యూరి పేరు, చెఱువుకట్ట పేరు, అమ్మవారి పేరు వచ్చు క్రొత్త ప్రార్థన. పాడుచున్నది బాలసుబ్రహ్మణ్యముగారి గొంతు. మేము నిజము చెప్పెదము: మా ఒడలు గగుర్పొడిచినది. ఒకరిద్దఱు కన్నులు తుడుచుకొనిరి. దళమునకిచ్చు సొమ్ము మిగులును, దీనినే సభలో వేయుదమని తీర్మానము కానున్నది. అంతలో మూలను కూర్చున్న ఒక ముసలామె, ‘బాగుండాది నాయనా. పాడినోళ్లు ఎవురు?’ అని యడిగెను. యువకుడు, ‘ఎవురూ పాడలేదవ్వా, మిషనే’ అనెను. ‘అట్లయితే మనం ఎవురికి దండం పెట్టేది?’ అని ఆమె యనెను. ఆ మాటకు ఎవరివద్దను జవాబు లేకపోయెను.

యువకుడు చెడ్డవాడు కాడు, ప్రేమచేతనే చేసెను. కాని ఆ పాటలో సాధన చేసినవాడు లేడు, తప్పినచో తల వంచువాడు లేడు, ‘వ్రాసినవారు’ అను చోట పేరు లేదు. చనిపోయినవాడు తాను పలుకని మాటను పలికినట్లున్నది. అది నకలు కాదు. మృతుని చేవ్రాలును మనము చేయుట. కుటుంబము అనుమతించినచో దొంగతనమను దోషము పోవచ్చును. కాని నేర్చుకొనుట అను ఫలము రాదు. దళపు గాయకుడు ఒక పాటకై నెల దినములు ఆ పెద్దమనిషిని వినును. ఎక్కడ ఊపిరి తీసికొనెనో, ఏ అక్షరమును మెత్తగా నొక్కెనో తెలిసికొనును. ఆ నెల ముగియునప్పటికి పాట మాత్రమే కాదు, గాయకుడు కూడ కొంత మారును. యంత్రమునకు వేయిపాటలు నేర్పినను మా యూరిలో ఎవరును మారరు. ఆ సంవత్సరము దళమునే పిలిచితిమి. ప్రార్థనను మా మనుమరాలు పాడినది. జలుబుచేత పై స్వరము అందలేదు. సభ నవ్వినది, పిదప చప్పట్లు కొట్టినది.

కడపట చెప్పెదమన్న అక్షరముల సంగతి ఇది. ఆ పిల్ల పాడుచు చూచుకొన్న పుస్తకమున తెలుగు పాట తమిళ లిపిలో నుండెను. 2006 నాటి చట్టము పిదప బడిలో మా పిల్లలకు తమిళము మొదటి భాష. అందు మాకు కోపము లేదు, ఉన్న యూరి భాష నేర్వవలసినదే. కాని తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒక్కటే అక్షరము. ‘గానము’ అని వ్రాయబోయినను ‘కానము’ అని చదువుకొనవలసి వచ్చును. ‘బాల’కును ‘పాల’కును భేదము కనబడదు. పాట తెలిసిన చెవి దానిని సవరించుకొనును. చెవికి పాట అందని తరము వచ్చినచో సవరించువారెవరు? మూడవ ఆక్షేపణకు ఇదియే మా సమాధానము. గతించినవారి పాటలు క్రొత్తవారి తావును ఆక్రమించుచున్నవి అనుట ఇతరచోట్ల నిజమేమో. మావంటి చోట క్రొత్తవాడు తెలుగున నోరు విప్పుటకు మెట్టు ఆ పాటలే. సభ మఱునాడు మేము ఆ పిల్లను కూర్చుండబెట్టి, అదే పాటను తెలుగు అక్షరములతో చూచి వ్రాయుమంటిమి. ‘చూసి రాస్తే కాపీ కదా తాతా?’ అని యడిగినది. ‘అవునమ్మా, కింద నీ పేరు కూడా రాయి’ అంటిమి. ఇప్పటికి పదునేడు పాటలైనవి. ఘకారమునకు ఇంకను తంటాలు పడుచున్నది.

కావున మా దళములవారికి మూడు మనవులు. పాటకు ముందు కవి, స్వరకర్త, మొదట పాడినవారు — ముగ్గురి పేళ్లును చెప్పుడు. సొమ్ము పుచ్చుకొనునెడ హక్కుదారునకు రావలసిన వాటా చెల్లించుడు. పాడు పాటకు అర్థమడిగి తెలిసికొనుడు. వీలైనచో తెలుగు అక్షరములతోనే వ్రాసికొనుడు. సభలు జరుపు పెద్దలకు ఒక మనవి: మనుష్యుడు తప్పుగా పాడిన పాటను, ఎవరును పాడని తప్పులేని పాటకంటె పైన నుంచుడు. ఇట్లు చేసినచో నకలు సిగ్గుపడవలసినది కాదు. అది అసలునకు మనము చెల్లించు వడ్డీ. మొత్తము అసలును తీర్చువాడు ఎవడైన పుట్టినచో వాడు క్రొత్త పాట కట్టును. వాడును ముందు నకళ్లు వ్రాసియే యుండును.

ఇది ఒక గుమాస్తా యెఱిగినంతలో వ్రాసినది. విడిచిన పంక్తులున్నచో పెద్దలు సరిచూచి, తమ పేరు పెట్టి, తెలుపుదురుగాక.